ఆండాళమ్మ నిగారింపు

జూలై పదకొండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం అత్తకు పెట్టింది పెసరకట్టుతో రెండు మెత్తటి ముద్దలేనని, అవీ కడుపులో నిలవలేదని సునంద మూడుసార్లు చెప్పింది. సాయంత్రానికి ఆండాళమ్మ పోయింది.

జనగామలో జిరాక్సు దుకాణం పైనున్న గదిలో డిటెక్టివ్ శ్రీపాల్ కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆయన అలా వింటే ఒక్క మాటా జారిపోదని సహాయకురాలు సౌజన్యకు తెలుసు. అందుకే తాను అన్నీ రాసుకుంటున్నా, ఆమె చూపు ఆయన మీదే ఉంది.

“దవాఖానల అత్తకు షుగర్ నలభై చూపెట్టింది సార్. మా నాయినకు ఇన్సులిన్ సూదులున్నయి. మా తల్లిగారూరు రఘునాథపల్లి నుంచి తెచ్చి నేనే పొడిచిన్నట. ఆమె చేతుల మీద కమిలిన మచ్చలుంటే, కొట్టిన్నట. పదోనాడు పెద్దమనుషులను పిలిచి నన్ను ఠాణాల అప్పజెప్తరట.”

“ఎవరంటున్రు?”

“మా ఆయనే.”

“మీ అత్తకు ఏం రోగాలుండె?”

“మోకాళ్ల నొప్పులే. రెండేండ్ల సంది మంచిగనే నిగనిగలాడింది. ఆఖరుకు ఐదొద్దులు వాంతులు. లేస్తే కండ్లు తిరిగేవి. బీపీ అందలే.”

సునంద ఫోన్‌లో ఫొటో చూపించింది. ఆండాళమ్మ ముఖం పున్నమి చంద్రుడిలా ఉంది. చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. శ్రీపాల్ ఆ చేతులనే చాలాసేపు చూశాడు.

మర్నాడు ఇద్దరూ కేసముద్రం వెళ్లారు. సునంద భర్త విజయ్‌ది అక్కడ కిరాణ హోల్‌సేల్ దుకాణం. గల్లా వెనక గోడ మీద పటమేదో తీసేసినట్టు సున్నం నలుచదరంగా తెల్లగా మిగిలింది. అడిగితే విజయ్ చిరాకు పడ్డాడు. “దుఃఖంల ఉన్నోళ్లను గోడల గురించి అడుగుతరా?”

బయట మార్కెట్ యార్డులో హమాలీ సక్రు బస్తాలకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. అతని ముఖమూ గుండ్రమే.

“ఏమైందే అన్నా? గా దుకాణంల గోడకు ఏం పటముండె?” అని అడిగాడు శ్రీపాల్.

“గా గోడకు సేటు వాళ్లమ్మ ఫొటో ఉండె సారూ. ‘మా అమ్మ ఎట్లయిందో చూడు’ అని మోకాళ్ల నొప్పుల పొడి అమ్మేటోడు. ఐదో తారీఖున తనిఖీలోళ్లు వస్తున్రని మొత్తం మోరీల పోసిండు. నా కాడున్న పొట్లాలు మొన్న అయిపోయినయి. గప్పటి సంది లేవబుద్ధయితలేదు. తిన్నది నిలుస్తలేదు.”

శ్రీపాల్ వెంటనే దవాఖానకు ఫోన్ చేసి, సక్రును ఆటో ఎక్కించాడు. అతని జేబులోని ఖాళీ పొట్లం వరంగల్ ల్యాబుకు పోయింది.

పదోనాడు పెద్దమనుషులంతా కూర్చున్నారు. సునంద తలుపు వారగా నిలబడింది. ఆమెను కూర్చోమన్నవాళ్లు లేరు.

“ఇన్సులిన్ పొడిస్తే గంటల్ల పడిపోతరు,” అన్నాడు శ్రీపాల్. “ఐదొద్దులు వాంతులు చేసుకోరు. మన మూత్రపిండాల మీద టోపీల లెక్క రెండు చిన్న గ్రంథులుంటయి. బీపీ, చక్కెర పడిపోకుండ కాపాడే హార్మోన్ అవే చేస్తయి. అసొంటి మందే రోజూ పొడిల కలిసి లోపలికి పోతే, మెదడు కిందున్న గ్రంథి వాటికి హుకుం పంపుడు బంద్ చేస్తది. పనిలేక అవి కుంచించుకపోతయి. పొడి ఒక్కసారిగ ఆపితే మళ్ల లేవలేవు. పొట్లంల స్టెరాయిడ్ ఉన్నదని ల్యాబోళ్లు రాసిచ్చిన్రు. ముఖం ఉబ్బుడు, చేతులు సన్నబడుడు, చర్మం పలుచనై ముట్టుకుంటే కములుడు, అన్నీ దాని గుర్తులే.”

“అమ్మను నేను చంపుకుంటనా?” విజయ్ లేచి నిలబడ్డాడు.

“చంపాలనుకోలే. దాచాలనుకున్నవ్. తనిఖీకి భయపడి ఆమె పొట్లాలు గూడ పారబోసినవ్. డాక్టర్ ఏం మందులు వాడిందని అడిగితే నోరు మూసుకున్నవ్. చెప్తే ఒక్క సూదితోటి బతికేది, సక్రు బతికినట్టు. తర్వాత పెండ్లాం మీదికి తోసినవ్.”

ఒక పెద్దమనిషి లేచి జేబులోంచి పొట్లం తీసి విసరబోయాడు. సౌజన్య చెయ్యి పట్టుకుంది. “పారెయ్యకు బాపూ! పట్టుకొని దవాఖానకు పో. వాళ్లే మెల్లమెల్లగ తగ్గిస్తరు.”

శ్రీపాల్ పిలిపించిన పోలీసులు విజయ్‌ను తీసుకుపోయారు. పెద్దమనుషులు చెప్పుల కోసం వెతుక్కున్నారు. సునందతో ఎవరూ ఏమీ అనలేదు. చీకటి పడ్డాక ఆడబిడ్డ సుష్మిత మాత్రం వచ్చింది. పది రోజులుగా ఆమె సునందను హంతకురాలు అనే పిలిచింది.

“వదినా, జర అన్నం వండరాదు? పొద్దటి సంది ఎవ్వరం తినలే.”

సునంద ఆమెను కాసేపు చూసింది. తన గదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.