వెనక సీటు

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. తలుపు తీస్తే ఎదురుగా నాయన మగ్గం, దాని పక్కన గోడవారన నాయన యెజ్డీ మోటారుసైకిలు. వంటకూ పడకకూ వెనకున్న అర ఒక్కటే మిగిలింది. సగం ఇల్లు బండికే పాయెనని వీధిలోవాళ్ళు నవ్వేవాళ్ళు. నాయన పట్టించుకునేవాడు కాదు. అమ్మ పోయినాక ఆ బండిని ఆయన నడపలేదు, ఇంకొకరి చేతికి ఇయ్యలేదు, ఒక్క రాత్రయినా బయట నిలబెట్టలేదు. ప్రతి శుక్రవారం వెనక సీటు తుడిచి, దాని మీద మూరెడు కనకాంబరాలు పెట్టేవాడు.

నాయన పేరు మార్కండేయులు, అమ్మ పేరు కమలాక్షి. నేసిన చీరలు హిందూపురం అంగళ్ళలో ఇచ్చేదానికి ఇద్దరూ ఆ బండి మీదనే పోయేవాళ్ళు. అమ్మ రెండు కాళ్ళూ ఒక పక్కకే వేసి, మూట ఒళ్ళో పెట్టుకొని, నాయన భుజం మీద రెండుసార్లు తట్టేది. చేతినిండా మట్టిగాజులు గలగలమనేవి. కూచున్నా, ఇంక పోనీ అని దాని అర్థం.

ఆ తట్టడానికి ఒక కథ ఉంది. పెండ్లయిన కొత్తలో గోరంట్లలో టీ తాగి, అమ్మ ఎక్కకముందే నాయన బండి పోనిచ్చినాడంట. ఊరు దాటేదాకా ఒక్కడే మాట్లాడుకుంటా పోయినాడంట. అమ్మ ఇంటికొచ్చినోళ్ళకంతా అదే చెప్పి నవ్వేది. "మా ఆయనకు పెండ్లాం బరువు తెలీదు. గాలిని కూచోబెట్టుకొని కాపురం చేస్తాడు." అప్పటినుంచి భుజం తట్టనిదే నాయన బండి కదిలించేవాడు కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, తొంభై ఏడు శ్రావణంలో, ఇద్దరూ హిందూపురం నుంచి వస్తా పెనుకొండ దాటినాక ఒక మలుపులో ఆగినారు. చీకటి పడింది. అమ్మ కంపచెట్ల చాటుకు పోయింది. నాయన కిక్ కొట్టి కాచుకున్నాడు. వెనక స్ప్రింగులు కీచుమని దిగినాయి. భుజం మీద ఒక చెయ్యి రెండుసార్లు తట్టింది. పోనిచ్చినాడు. దోవపొడుగునా మాట్లాడుకుంటానే వచ్చినాడు. అమ్మ పలకకపోతే కునుకు తీస్తాండాది అనుకున్నాడు.

తలుపు తీసింది నేనే. బండి మీద నాయన ఒక్కడే ఉన్నాడు.

అమ్మ ఆ మలుపులోనే లారీ కింద పడింది. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. ఒక బండి వెనక పరుగెత్తుతా ఉండిందని లారీ క్లీనరు చెప్పినాడు. ఆ బండి మీద ఇద్దరు ఉన్నారని కూడా చెప్పినాడు. భయంలో ఏందో చూసినాడులే అని ఆ మాట ఎవరూ పట్టుకోలేదు. దినాల్లో కూడా నాయనది ఒకటే మాట. "తట్టింది. తట్టినాకనే పోనిచ్చినా."

ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. మనసు తట్టుకోలేక అట్లంటాడనుకున్నా. ఆ తర్వాత నాయన మగ్గంతో తప్ప మనుషులతో మాట్లాడడం మానేసినాడు. నాకు అమ్మ ఒక్కతే పోలేదు.

నాకు ఒకచోట కాలు నిలవదు. ఇంటర్ సగంలో మానేసి, పంపుసెట్టు మోటార్లు ఇప్పి బిగించడం నాకు నేనే నేర్చుకున్నా. అట్లా తిరగతా తిరగతా హిందూపురంలో మల్లప్ప గ్యారేజీలో ఒక ఇంగ్లీషు పత్రికలో ఆ బొమ్మ చూసినా. పాత మోటారుసైకిలును ఎముకలు కనబడేదాకా చెక్కినారు. వంగి పట్టుకునే హ్యాండిలు, ఒక్కరికే సీటు, సీటు వెనక కందిరీగ తోక మాదిరి బుడిపె. దాన్ని కెఫే రేసర్ అంటారంట. ఆ ఒక్కరి సీటు నా కండ్లలో నిలిచిపాయ. నాయనను ఇన్నేండ్లు కట్టేసింది ఆ వెనక సీటే. అదే లేకుండా చేస్తే మనిషి నాకు మళ్ళీ దొరుకుతాడు.

ఇంజను బాగుచేయిస్తానని మాత్రం చెప్పి బండిని లగేజీ ఆటో ఎక్కించినా. నాయన తాళ్ళు కట్టి, సీటు మీద చెయ్యి పెట్టి, "నిదానంగా పోయిరా" అన్నాడు. నన్ను చూసి అనలేదు.

ట్యాంకులో కంకర పోసి, కిరసనాయిలుతో ఊపి ఊపి తుప్పు రాల్చినా. కార్బొరేటరు కడిగినా. పిస్టన్ రింగులు మార్చినా. అద్దాలు తీసేసినా. చీర చక్రంలో పడకుండా ఉండే జాలీ, ఆడవాళ్ళు కాళ్ళు పెట్టుకునే పట్టీ తీసేసినా. కడాకు సీటు బోల్టులు ఇప్పి పైకెత్తినా. అప్పుడు వెనక స్ప్రింగులు కీచుమని ఇంత పైకి లేచినాయి. ఆ రెక్సిను సీటుకు అంత బరువు లేదు. మల్లప్ప కూడా చూసినాడు, చూసి పానా ఏరుకొని అవతలికి పోయినాడు.

బుడిపె వెల్డింగు అయినాక మాత్రం నోరు ఊరుకోలేదు ఆయనకు. "బండిని బోడిగుండు చేసినావు కదమ్మా. రేపు మొగుడొస్తే యాడ కూచోబెట్టుకుంటావు?"

"వాడు బస్సులో వస్తాడులే మామా" అన్నా.

ఆ సాయంత్రం వాన నిలిచినాక బయలుదేరినా. బండి గాలిని కోసుకుంటా పోతాండాది. పొట్ట ట్యాంకుకు ఆనించి వంగి కూచుంటే ఇంజను నా ఎముకల్లోనే కొట్టుకున్నట్లుంది. పెనుకొండ చేరేసరికి చీకటి. కొండ నల్లగా, తడిసిన ఏనుగు పడుకున్నట్లు. తడిమన్ను వాసన, నా బండి ఆయిలు పొగ వాసన. ఊరు దాటినా. ఆ మలుపులోనే ఇంజను తుమ్మి ఆగిపోయింది.

పెట్రోలు నాబు రిజర్వుకు తిప్పినా. కీచురాళ్ళు కూడా అరవడం లేదు. కంపచెట్ల ఆకుల మీదనుంచి చినుకులు రాలుతా ఉన్నాయి. కిక్ కొట్టినా. అందుకుంది. పోనిచ్చినా.

వెనక... గాజులు.

టప్. ఒక చెప్పు. మళ్ళీ మెత్తగా, వట్టి కాలు. టప్. మెత్తగా. టప్...

అద్దాలు నేనే తీసేసినా కదా. వెనక్కి తిరిగే ధైర్యం లేదు. ఎగపోస్తా ఒక గొంతు...

"పాపా... నిల్చే..."

తొమ్మిదేండ్లుగా ఆ గొంతు ఒక్కసారి వినబడితే చాలని ఏడ్చినదాన్ని. నా చెయ్యి యాక్సిలేటరు తిప్పేసింది. గాజుల చప్పుడు చిన్నదవుతా... చిన్నదవుతా... పోయింది.

ఇంటికొచ్చి గడప మీద కూలబడి అంతా చెప్పినా. నాయన బండి చుట్టూ తిరిగినాడు. బుడిపె మీద చెయ్యి పెట్టి చూసినాడు. తిడితే బాగుండు.

"పరుగెత్తుతాండాదా?" అన్నాడు మెల్లగా. "సీటు తీసేస్తివి. ఇంక ఆమె యాడ కూచుంటాది?"

మరుసటిరోజు నేనే బస్సులో పోయి సీటు, జాలీ తెచ్చినా. నాయన ఎవరినీ ముట్టనీకుండా, బుడిపె రంపంతో కోసేసి, తన చేతులతోనే బిగించినాడు. మాపటేళ కరెంటు పోయింది. ఉతికిన పంచ కట్టుకొని, బండి వీధిలోకి దించి, "పిల్చుకొస్తా" అన్నాడు. కిక్ కొట్టి, భుజం కొంచెం వంచి కాచుకున్నాడు.

స్ప్రింగులు దిగినాయి. నా కండ్లముందరే.

"తట్టింది" అన్నాడు నాయన. పెండ్లికొడుకు మాదిరి నవ్వినాడు. "చూస్తివా పాపా, మలుపు దాకా కూడా పోనక్కర్లేదు. ఈడనే ఉండాది."

నేను చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉన్నా. ఆ తట్టడానికి గాజుల చప్పుడు లేదు.

ఆయన పెనుకొండ దోవలో పోయినాడు. ఇంతకాలం అమ్మేననుకొని కనకాంబరాలు పెట్టినాడే, ఆ సీటు మీద... నేను వీధిలో నిలబడే ఉన్నా.

తిరిగొచ్చి బండి లోపల నిలబెట్టినాడు. సంగటి అడిగి పెట్టించుకొని తిన్నాడు. నన్ను పక్కన కూచోబెట్టుకొని నా చిన్నప్పటి కథలు చెప్పినాడు. నాయన మాట్లాడతాంటే నేను ఏడ్చినా. నేను అడిగింది ఇదే కదా. ఇంత సంతోషం మీద ఏ నోటితో చెప్పేది? బుడ్డీ వెలుతురులో బండి వైపు చూస్తే, స్ప్రింగులు ఇంకా దిగే ఉన్నాయి.

అప్పుడు వీధి చివర...

టప్. మెత్తగా. టప్.

పరుగు కాదు. నడక. శానా దూరం పరుగెత్తి ఇంక చేతగాని మనిషి నడక. గాజులు. ఎగపోత. మా గడప ముందరకొచ్చి ఆగింది.

నేను లేచినా. నాయన తల తిప్పకుండానే అన్నాడు. "గడియ పెట్టు పాపా. మీ యమ్మ లోపలే ఉండాది."

నా చెయ్యి గడియ మీద ఉండాది. తియ్యాల్నో, పెట్టాల్నో...

తలుపు మీద రెండుసార్లు తట్టింది. గాజులు గలగలమన్నాయి.

నా వీపు వెనక, బండి స్ప్రింగులు కీచుమని మెల్లగా పైకి లేచినాయి.