నీళ్ళు మర్చిపోయేదాకా

ఘాజియాబాద్ శివార్లలో ఆ కాలేజీ వెనక ఒక రేకుల షెడ్డుంది. చీకటి పడ్డాక అటుకేసి ఎవరూ వెళ్ళరు. యంత్రం ఆపేశాక కూడా గాజు తొట్టెలో నీళ్ళు వాటంతటవే ఊగుతాయని దానికి పేరు. మార్చిలో అంద్రెయ ఆ తొట్టె పక్కనే గుండె ఆగి పోయినప్పటి నుంచీ మరీను.

అంద్రెయ బాపట్ల మనిషి, ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్. ఊగే బల్ల మీద తొట్టె పెట్టి, ఓడ ట్యాంకులో నూనె ఎలా ఎగిసిపడుతుందో చూపించేవాడు. ఒకసారి ఊపాక, గోడ మీది చర్చి కేలండర్‌లో ఆ రోజు కాగితం చింపి ముక్కలు నీళ్ళ మీద చల్లేవాడు. అవి కదలకుండా నిలిచేదాకా రెండోసారి మీట నొక్కనిచ్చేవాడు కాదు.

"నీళ్ళు ఇంకా మర్చిపోలేదమ్మా... ఆగు," అనేవాడు.

ఆయన పోయాక కేలండర్ మార్చి పన్నెండు దగ్గరే ఆగిపోయింది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికుంది?

ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న హరిప్రియకూ లేదు. కానీ నవంబరు వచ్చినా కంప్యూటర్లో ఆమె కట్టిన లెక్కకీ, తొట్టెలో లేచే అలకీ పొంతన కుదరలేదు. తెల్లారేలోగా కుదరకపోతే నాలుగేళ్ళ పరిశోధన చెత్తబుట్టకేనని గైడు తేల్చేశాడు. పగలు లారీలకు నేల అదురుతుంది గనక రాత్రి పని తప్పదు.

"తోడు రానా?" అని ఫోన్‌లో అడిగాడు తోటి స్కాలర్ సుధీర్. అడిగే గొంతే వణుకుతోంది. నవ్వొచ్చి వద్దంది.

ఒంటిగంటకు యంత్రం ఆపి, తలుపుకు తాళం వేసి, టీ తాగొచ్చింది. పది నిమిషాలు... అంతే. తలుపు తీయగానే వినిపించింది.

టప్... టప్...

ఫోన్ లైటు వేసింది. యంత్రం ఆగే ఉంది. నీళ్ళ మీద కాగితం ముక్కలు అటూ... ఇటూ... మెల్లగా పోయి వస్తున్నాయి.

అప్పుడు వెలిగింది ఆమెకు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. పాత ఊపు ఇంకా పోలేదు, అంతే. నెల రోజులుగా తొందరకొద్దీ ఐదేసి నిమిషాలకే మీట నొక్కేస్తోంది. పాత అల మీద కొత్త అల. లెక్క ఎలా కుదురుతుంది?

తన తెలివితక్కువతనానికి సిగ్గేసింది. ముక్కలు నిలిచేదాకా కూర్చుంది. అరగంట పట్టింది. మీట నొక్కింది. కంప్యూటర్ గీసిన గీత, తొట్టెలోని అల ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

ఏడుపొచ్చేసింది. "థాంక్స్ అంకుల్," అని గొణిగి, ఒక కాగితం ముక్క వేలితో తీసింది...

తాళంచెవి తన జేబులోనే ఉంది. మరి ఈ ముక్కలు వేసిందెవరు?

ముక్క మీద 'నవంబరు' అని ఉంది.

మెల్లగా తల తిప్పి గోడకేసి చూసింది. కేలండర్ మీద మార్చి పన్నెండు లేదు. రేపటి తేదీ ఉంది.