అడుగున్నర లోతు గుంతలు

ఆమె నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను వంటింటి కిటికీలో సగం లోపలా సగం బయటా ఉన్నాను.

"దొంగతనమా, పారిపోవడమా?" వ్యాన్ దిగుతూ అడిగింది.

"ఇల్లు నాదేనండీ! వెనక తలుపు తెరుచుకోవడం లేదు."

"అందుకేగా పిలిచారు. డెక్ రిపేరు చేసేది నేనే. ముందు మీరు లోపలికి వెళ్తారో బయటికి వస్తారో తేల్చుకోండి. తలుపు సంగతి తర్వాత చూద్దాం."

లోపల బామ్మ నా కాళ్లు పట్టుకుని లాగుతోంది. బయట ఈమె నవ్వుతోంది. లెక్కల మాస్టారుగా నాకున్న పరువంతా మోకాలి లోతు మంచులో పడింది. దాని వెనకే నేనూ పడ్డాను.

సంగతేమిటంటే, మా వెనక తలుపు బయటికి తెరుచుకుంటుంది. దాని ముందు, బామ్మ ఎండలో కూర్చోడానికని, పోయిన వేసవిలో చెక్కలతో అరుగులాంటి డెక్ కట్టాను. అవును, నేనే కట్టాను. పదకొండు వీడియోలు చూసి, సెలవులన్నీ ధారపోసి. చలికాలం నడిమికి అది నాలుగంగుళాలు పైకి లేచి తలుపుకి అడ్డం పడింది.

ఆమె టార్చి పట్టుకుని డెక్ కిందికి దూరింది. కాసేపటికి మోచేతుల మీద పాక్కుంటూ బయటికొచ్చింది.

"ఎవరండీ ఆ మహానుభావుడు?"

"ఏ మహానుభావుడు?"

"ఇది కట్టినాయన. స్తంభాలు అడుగున్నర లోతులో పాతాడు. ఇక్కడి చలికి నేల నాలుగడుగుల దాకా గడ్డకడుతుంది. మట్టిలో నీళ్లు గడ్డకడితే ఉబ్బి, స్తంభాన్ని పన్ను పీకినట్టు పైకి తోసేస్తాయి. స్తంభం అడుగు ఆ గడ్డ కంటే కిందుండాలి. మా పనిలో ఇది అఆలు."

"అడుగున్నర... మరీ తక్కువంటారా?"

"గులాబీ మొక్క నాటడానికైతే సరిపోతుంది."

కిటికీలోంచి బామ్మ ఏదో చెప్పబోయింది. నేను కిటికీ మూసేశాను.

"పేరు చెప్పండి మాస్టారూ. ఆయన ఇంకో ఇంటి మీద పడకుండా చూడాలి."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె టోపీ తీసి జుట్టులోని మంచు దులుపుకుంది. నిజం వెనక్కి వెళ్లిపోయింది.

"బజారు చివర, రంపం బొమ్మ బోర్డున్న షెడ్డు ఉంది చూశారా? అక్కడ ఒక పెద్దాయన..."

ఆ పెద్దాయన ముఖం కూడా నాకు సరిగ్గా తెలియదు. రోజూ బస్సులోంచి బోర్డు చూస్తాను, అంతే.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"పోయిన వేసవిలో. మధ్యాహ్నాలు వచ్చేవాడు." అబద్ధానికి కాస్త వివరం తోడుంటే బలం అనుకున్నాను.

ఆమె టోపీ పెట్టుకుంది. "నేల మెత్తబడ్డాక వస్తాను. అప్పటిదాకా ఎవరూ డెక్ మీద కాలు పెట్టకండి." వ్యాన్ వెళ్లిపోయింది.

బామ్మ కిటికీ తెరిచింది. "నేనే కట్టానని చెప్పడానికి నోరు రాలేదట్రా?"

"నవ్వుతుంది బామ్మా."

"నవ్వితే ఎంత బాగుందీ! నవ్వనివ్వాల్సింది."

ఆ తర్వాత మూడు వారాలు నేను ఏదో వంకతో ఫోన్ చేస్తూనే ఉన్నాను.

"మా పెరట్లో నేల మెత్తబడిందండీ."

"లేదు."

"చూడకుండా ఎలా చెప్తారు?"

"తెలుస్తుంది."

కిటికీ దగ్గర నన్ను ఆడుకున్న మనిషి ఈమేనా అనిపించేది. ఒక వెక్కిరింత లేదు, ఒక విసురు లేదు. చివరికి ఆమే ఫోన్ చేసింది.

"చెక్క మీరే ఎంచుకోవాలి. ఆదివారం మా షెడ్డుకి రండి. బజారు చివర, రంపం బొమ్మ బోర్డు. నాన్నగారు ఉంటారు."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున జ్వరం తెచ్చుకోవాలని శతవిధాలా ప్రయత్నించాను. బామ్మ నుదురు తాకి చూసి, "చల్లగా ఉన్నావు. వెళ్లు," అంది.

షెడ్డులో తాజా చెక్కపొట్టు వాసన. ఒక పెద్దాయన బల్ల ముందు నిలబడి ఉలులు ఒక్కొక్కటే నూనె గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

"మాస్టారు మీరేనా బాబూ? మీ డెక్ విషయంలో తప్పు నాదే."

"అయ్యో, అదేం లేదండీ..."

"నాకీమధ్య కొన్ని గుర్తుండటం లేదు. ఒంటరిగా పనికి వెళ్లొద్దని అమ్మాయి అంటే, మధ్యాహ్నాలు నడకకని వెళ్లేవాణ్ని. ఆ నడకల్లోనే మీ ఇంటికి వచ్చుంటాను. నలభై ఏళ్లుగా ఇదే పని. అలాంటిది అడుగున్నర గుంతల్లో స్తంభాలు పాతానంటే, ఇక నేను ఉలి పట్టకూడదు. ఎవరూ అనలేదు, నాకే అనిపించింది. ఈ పెట్టె రేపు ఎవరికైనా ఇచ్చేస్తాను."

ఇంకో ఉలి గుడ్డలోకి వెళ్లింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు మూసుకుంటే ఈయన పని పోతుంది. తెరిస్తే ఆమె పోతుంది.

"మీరు మా ఇంటికి రాలేదండీ."

"పోనీలే బాబూ, మర్యాదకి అంటున్నారు."

"కాదండీ. ఆ డెక్ కట్టింది నేను."

ఆయన కళ్లు చిట్లించి నన్ను చేతుల నుంచి మొదలుపెట్టి పైకి చూశాడు.

"స్తంభాల కింద ఏం వేశావు?"

"తలా రెండు ఇటుకలు."

"పలకలు దేంతో బిగించావు?"

"మేకులతో. అవి అయిపోయాక స్క్రూలు. చివర్లో... కొంచెం జిగురు."

"జిగురా?"

"ఒక డబ్బా."

ఆయన పొట్ట కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "జిగురట! నేను ఎంత మర్చిపోయినా జిగురు పూసేంత మర్చిపోనయ్యా!"

నవ్వు ఆగాక, గుడ్డలోంచి ఒక ఉలి తీసి మళ్లీ బల్ల మీద పెట్టాడు. "అమ్మాయి వెనక ఉంది. నువ్వే చెప్పు. నేను చెబితే, కట్టిన సంగతి కూడా మర్చిపోయాడు అనుకుంటుంది."

ఆమె పలకలు పేరుస్తోంది. దారిలో నాలుగు రకాల మొదటి వాక్యాలు తయారు చేసుకున్నాను. నోట్లోంచి ఐదోది వచ్చింది.

"నేనే గులాబీ మొక్క."

"ఏంటీ?"

"అడుగున్నర గుంతలు తవ్వింది నేను. మీ నాన్నగారు కాదు. ఆయన మీ నాన్నగారని కూడా నాకు తెలియదు."

పలక ఆమె చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు చెప్పారు ఆ అబద్ధం?"

"మీరు నవ్వుతున్నారు. ఇంకా నవ్వితే బాగుండనిపించింది. కాకపోతే నన్ను చూసి కాకుండా."

"మాస్టారూ, ఈ మూడు వారాలూ మా నాన్న అన్నం ముందు కూర్చుని ఒకటే మాట. 'ఇంకా ఎవరిళ్లు పాడు చేశానో కనుక్కోవే' అని. ఆయన కట్టిన ఇరవై డెక్‌ల కింద దూరి చూశాను. ఒక్క స్తంభం కదల్లేదు. అప్పుడైనా నాకు తెలియాల్సింది. భయం వేస్తే కళ్లు పనిచేయవు."

"తిట్టండి."

"తిడతాను. కోపం వస్తోంది. కానీ ముందు సంతోషం వచ్చేసింది." చేతి తొడుగుతో కళ్లు తుడుచుకుంది. "ఇది కాస్త తగ్గాక తిడతాను. ఎక్కడికీ వెళ్లకండి."

మాట తప్పే మనిషి కాదు. పావుగంట తిట్టింది. ఒక్క తిట్టు రెండోసారి వాడలేదు.

శిక్ష మాత్రం పెద్దాయన వేశాడు. "ఆరు గుంతలు. మిషన్ లేదు. మాస్టారే పారతో తవ్వాలి. ఒక్కోటి నాలుగున్నర అడుగులు. నేను దగ్గరుండి కొలుస్తాను."

నేల మెత్తబడ్డాక మా పెరట్లో ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, చేతిలో టేపు, పక్కన ఉలుల పెట్టె. బామ్మ ఆయనకి టీ పోసింది. నాకు పార ఇచ్చింది.

"ఎంతయింది మాస్టారూ?" గట్టు మీంచి ఆమె వంగి చూసింది.

"ఛాతీ దాకా."

"మీ ఛాతీ కొలమానం కాదు. తవ్వండి."

ఆరో గుంతలో పార ఆనించి తలెత్తాను. "మీకో మాట చెప్పాలి."

"ఈసారి ఎవరి పేరు చెప్తారు?"

"నా పేరే. మీరంటే నాకు చాలా ఇష్టం."

పైనుంచి బామ్మ గొంతు. "ఇంకొంచెం గట్టిగా చెప్పరా, గుంతలోంచి వినపడి చావడం లేదు!"

"నాకు వినపడింది," అన్నాడు పెద్దాయన. "ఎక్కడైనా రాసిపెట్టమ్మా. నేను మర్చిపోతే చూసుకోవచ్చు."

ఆమె పెన్సిల్ తీసి కొత్త స్తంభం అడుగున ఏదో గీసింది.

"అక్కడ రాశావేంటే? అది భూమిలోకి పోతుంది!"

"అక్కడైతే కదలదు నాన్నా."

స్తంభాన్ని నెమ్మదిగా గుంతలోకి దించింది. దాన్ని అందుకోవడానికి కింద ఉన్నది నేనొక్కణ్నే. అడుగు భాగం నా కళ్ల ముందుకొచ్చి ఒక క్షణం ఆగింది. దాని మీద ఒకే మాట ఉంది.

"ఏం రాసిందిరా?" బామ్మ తొంగిచూసింది.

నేను నవ్వుకుంటూ పైకెక్కి మట్టి పూడ్చడం మొదలుపెట్టాను.