మామిడి వాసన ఆవిరి

ప్రసోప్ మాస్టారు తన ఇంటి బాల్కనీలో నిలబడి ఈ-సిగరెట్ రెండు దమ్ములు పీల్చాడు. మూడో దమ్ముకు కుప్పకూలాడు. అంబులెన్స్ వచ్చేసరికి ఆయన చేతిలో ఉండాల్సిన ఈ-సిగరెట్ లేదు. బాల్కనీ అంతా పండిన మామిడి వాసన మాత్రం మిగిలింది.

మధ్యాహ్నానికల్లా విసూత్ బ్యాంకాక్‌లో బోర్డు లేని ఆ ఆఫీసులో, చీఫ్ రత్రీ ఎదుట కూర్చున్నాడు. వాళ్ళిద్దరికీ గూఢచర్యం నేర్పింది ప్రసోప్ మాస్టారే.

"మెషీన్ మీద బతుకుతున్నాడు. విషం ఏదో తెలిస్తేనే విరుగుడు ఇవ్వగలమంటున్నారు డాక్టర్లు. రేపటి రాత్రి దాటితే చేతులెత్తేస్తారట," అంది రత్రీ. "నిన్ననే నాకు ఫోన్ చేశాడు. 'దొంగ మన ఆఫీసులోనే ఉన్నాడమ్మా, వచ్చి పేరు చెబుతా' అన్నాడు."

"సరుకు ఎక్కడిదక్కా?"

"మామిడి వాసనను బట్టి చైనాలోని షెంజెన్ ముఠాది. ఆ ఊరి ఎలక్ట్రానిక్స్ బజారులో మన మనిషి దగ్గర అదే విషం నింపిన పాడ్ ఒకటుంది. ఈ-సిగరెట్‌కి తగిలించే చిన్న డబ్బీ. తీసుకురా."

"మన దేశంలోకి ఈ-సిగరెట్ తేవడమే నేరం కదా. కస్టమ్స్‌లో దొరికితే పాడ్ చెత్తబుట్టలో పడుతుంది. ఓ మాట చెప్పి దారి వదిలించండి."

"చెబితే దొంగకు తెలుస్తుంది. నువ్వు ఖోన్ కేన్‌లో సెలూన్ నడుపుకునే సోంకిత్‌వి. తిరిగి బ్యాంకాక్‌లో విమానం దిగగానే మన మనిషి ఇంకొకడు ఎదురొచ్చి 'లీచీలు పండాయి' అంటాడు. స్టాఫ్ తలుపు గుండా బయటకు తీసుకుపోతాడు. ఆ మాట మన ముగ్గురికే తెలుసు."

షెంజెన్ బజారులో రిపేరు బల్ల ముందు కూర్చున్న ముసలాయన ఒక ఈ-సిగరెట్, ఒకేలా ఉన్న మూడు పాడ్‌లు విసూత్ ముందు పెట్టాడు. "ఒకటి చూపించడానికి. ఒకటి పోగొట్టుకోవడానికి. ఒకటి ఇంటికి తీసుకెళ్ళడానికి," అన్నాడు. విషం ఉన్నది ఇంటికి వెళ్ళాల్సినదాంట్లోనే, మిగతావి ఉత్త మామిడి రసం. దాని అడుగున సూదితో గీసిన గీత ఉంది. చూస్తే కనపడదు, గోటికి తగులుతుంది.

బ్యాటరీ ఉన్న వస్తువు కాబట్టి ఈ-సిగరెట్‌ను లగేజీలో వేయనివ్వరు, చేతిసంచిలోనో జేబులోనో పెట్టుకోవాలి. విసూత్‌కు కావలసిందీ అదే. ఒక పాడ్ పారదర్శకమైన కవరులో, అందరికీ కనపడేలా పెట్టాడు. మిగతా రెండూ మేజోడులో దాచాడు. ఆ ఊళ్ళో మనిషికో ఈ-సిగరెట్ ఉంటుంది గనక చెకింగ్‌లో ఎవరూ తలెత్తి చూడలేదు.

విమానంలో మాత్రం అతనిది మధ్య సీటు. కిటికీ పక్కన నీలం చొక్కా తొడుక్కున్న బండమనిషి, ఒళ్ళో మడిచిన కోటు. నడవ పక్క సీటు ఖాళీ. తలుపులు మూసే ముందు నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు వాసనతో ఒకావిడ వచ్చి అందులో కూర్చుంది.

డారిన్! రెండేళ్ళ క్రితం దాకా తమ ఏజెంట్. ఇప్పుడు ముఠాలో ఉంటోంది. అక్కడ తమకోసం పనిచేస్తోందో, తమ దగ్గర ముఠాకోసం పనిచేసిందో రత్రీకే తెలియదు.

విమానం పైకి లేచింది.

"ఆ రంగు నీ జుట్టుకు అస్సలు నప్పలేదు విసూత్," అంది డారిన్ పత్రిక తిరగేస్తూ. తర్వాత తాపీగా, "లీచీలు పండాయి," అంది.

బ్యాంకాక్‌లో వినాల్సిన మాట. ముగ్గురికే తెలిసిన మాట. అంటే దిగగానే ఎదురొచ్చేవాడు ఆ మాటే అంటాడు, కానీ వాడు రత్రీ మనిషి కాడు, ముఠావాడు. వాడితో వెళితే పోయినట్టే. వెళ్ళకపోతే కస్టమ్స్. పాడ్ చెత్తబుట్టకు, మాస్టారు శ్మశానానికి.

"కవరు ఇటివ్వు," అంది డారిన్. "కదలకు. ఆ కోటు కింద సూది ఉంది. తొడకు గుచ్చితే నిద్రపోయావనుకుని ఎయిర్‌హోస్టెస్ నీకు దుప్పటి కూడా కప్పుతుంది."

బండమనిషి మోచేయి విసూత్ డొక్కలోకి దిగింది. ముందు సీటు వెనక్కి వాలి మోకాళ్ళను నొక్కేసింది. పిడికిలి బిగించడానికి కూడా చోటు లేదు. కింద మేఘాలు, పైన ఆకాశం, చుట్టూ పొట్లాల్లో నూడుల్స్ తింటున్న మూడొందల మంది. అరిచి ఏమని చెబుతాడు? దొంగ పాస్‌పోర్టుతో, మేజోట్లో విషం పెట్టుకుని?

కవరు ఇచ్చేశాడు. డారిన్ పాడ్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మామిడే," అంది.

"అసలుదో కాదో దిగాక చూస్తారు," అని గొణిగాడు బండమనిషి. "అప్పటిదాకా వీణ్ణి లేవనివ్వకు."

మైకులో ఎయిర్‌హోస్టెస్ గొంతు వినిపించింది. విమానంలో ఈ-సిగరెట్ తాగడం నేరమని, తాగినవారిని దిగగానే పోలీసులకు అప్పగిస్తామని తీయగా చెప్పింది.

పోలీసులకు! విమానం తలుపు దగ్గరే, కస్టమ్స్ కంటే ముందే! కేసులో సాక్ష్యాన్ని ఎవరూ చెత్తబుట్టలో వేయరు.

విసూత్ పొట్ట పట్టుకున్నాడు. "బాత్రూంకి వెళ్ళాలి."

"కూర్చో," అన్నాడు బండమనిషి.

"నిన్నటి నత్తగుల్లల కూర. ఇక్కడే కానిచ్చెయ్యమంటే సరే, నీ ఇష్టం."

డారిన్ మొహం చిట్లించి లేచి నిలబడింది. "పోనీ వెధవని. ఎక్కడికి పోతాడు, కిటికీలోంచి దూకుతాడా?"

బాత్రూం తలుపు గడియ పెట్టాక విసూత్ మేజోట్లోంచి రెండు పాడ్‌లూ తీశాడు. అదే క్షణంలో విమానం కుదిపేసింది. రెండూ జారి సింకులో పడ్డాయి, ఒకదానిపై ఒకటి దొర్లాయి. ఏది ఏదో తెలియలేదు. గోటితో తడిమాడు. తడిసిన వేలికి రెండూ నున్నగానే తగిలాయి.

బయట తలుపు మీద పిడికిలి పడింది. "బయటకు రా!" బండమనిషి గొంతు. గడియ కిర్రుమంది.

విసూత్ వేలు చొక్కాకు తుడుచుకుని మళ్ళీ తడిమాడు. ఒకదాని అడుగున సన్నగా గరుకు తగిలింది. అది గీతేనా, తన భయమా? దాన్ని జేబులో వేసి, రెండో జేబులోంచి ఈ-సిగరెట్ తీసి మిగిలినదాన్ని దానికి తగిలించాడు. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ పొగ తాగలేదు. మాస్టారి మొహం తలుచుకుని గట్టిగా పీల్చాడు.

దగ్గు. ఊపిరి ఆగినంత దగ్గు. కానీ దగ్గేవాడు బతికున్నట్టే! కమోడ్ మూత మీదికెక్కి, పైన ఉన్న పొగ అలారం మీద మామిడి ఆవిరి ఊదాడు. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ ఊదాడు. గడియ సగం ఊడింది. అప్పుడు అలారం మోగింది.

తలుపు తెరుచుకునేసరికి బండమనిషి వెనక ముగ్గురు సిబ్బంది ఉన్నారు.

"తాగాను," అన్నాడు విసూత్ చేతులు చాపి. "కట్టేయండి."

విమానం ఆగగానే సార్జెంట్ బున్‌లెర్ట్ ఎక్కాడు. ఈ-సిగరెట్‌నూ, జేబులోని పాడ్‌నూ కవరులో వేసి సీలు చేసి, విసూత్‌కు బేడీలు వేశాడు. విమానం దిగే వంతెన దాటారో లేదో కస్టమ్స్ యూనిఫాంలో ఒకడు ఎదురొచ్చాడు.

"లీచీలు పండాయి," అన్నాడు విసూత్‌ను చూసి నవ్వుతూ. తర్వాత సార్జెంట్‌తో, "ఈ-సిగరెట్లు మా శాఖవి. కవరు ఇచ్చేసి మనిషిని మీరుంచుకోండి," అన్నాడు.

సార్జెంట్‌కు డ్యూటీ దిగే వేళ. కవరు చాపాడు. వాడి వేళ్ళు దాని అంచును పట్టుకున్నాయి.

"ఇచ్చేయండి సార్," అన్నాడు విసూత్ గట్టిగా. "పెద్ద ఆఫీసర్లు అడుగుతుంటే ఆలోచిస్తారేంటి? మా బోటివాళ్ళని ఈడ్చుకెళ్ళడం వరకే కదా మీ పని!"

సార్జెంట్ చెవులు ఎర్రబడ్డాయి. కవరు వెనక్కి లాక్కున్నాడు.

"గాల్లో జరిగిన నేరం నాది. సీలు నాది. ఏదయ్యా నీ కార్డు? చూపించు."

"కారులో ఉంది, తెస్తాను," అని వెళ్ళినవాడు మళ్ళీ కనపడలేదు.

స్టేషన్ నుంచి అక్కకు ఒక్క ఫోన్ చేసుకోనిచ్చారు. కాసేపటికి సోంకిత్ అక్కగా రత్రీ జుట్టు విరబోసుకుని ఏడుస్తూ వచ్చింది. "మా పరువు తీశావు కదరా!" అని తమ్ముడి వీపు మీద నాలుగు బాదింది. వెంట నల్లకోటులో లాయరు. ఆయన నిజానికి మాస్టారికి వైద్యం చేస్తున్న డాక్టరు. రత్రీ సార్జెంట్‌ను పక్కకు పిలిచి కార్డు చూపించి సంగతి చెప్పింది.

"అలాగేనమ్మా. కానీ కవరు నా చేయి దాటదు. నేనూ వస్తా," అన్నాడు బున్‌లెర్ట్. సైరన్ వేసుకుని ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

తెల్లారేసరికి మాస్టారు కళ్ళు తెరిచాడు. ఒక పేరు చెప్పాడు. ఆ పేరుగల మనిషి కమ్‌రోన్, రత్రీ పక్క గదిలో కూర్చునే డిప్యూటీ, అప్పుడే టీ కలుపుకుంటున్నాడు. చెంచా కప్పులో ఉండగానే పట్టుకున్నారు. రత్రీ గది గోడలో దొరికిన మైకు వైరు అతని బల్ల కిందికే వెళ్ళింది.

"డారిన్ ఎటువైపు అక్కా?" అనడిగాడు విసూత్, కటకటాల వెనకనుంచి.

"ముఠాకు మామిడి రసం పాడ్ అప్పగించి, అసలుది అదేనని నమ్మించి మెప్పు పొందింది. ఆ కోడ్ మాట నీకు అంత ముందుగా ఎందుకు చెప్పిందో నువ్వే ఆలోచించుకో. ఆవిడ నోరు జారే రకం కాదు."

"మరి నన్నెప్పుడు వదులుతారు?"

రత్రీ చూపు తిప్పుకుంది. "కేసు కొట్టేయిస్తే అసలు పాడ్ మన చేతికే వచ్చిందని ముఠాకు తెలుస్తుంది. డారిన్ ప్రాణం పోతుంది. సోంకిత్‌గానే కోర్టుకు వెళ్ళు."

సోమవారం మేజిస్ట్రేట్ కళ్ళజోడు సర్దుకుని అతన్ని ఎగాదిగా చూశాడు.

"చదువుకున్నవాడిలా ఉన్నావు. ఎప్పట్నించయ్యా నీకీ పాడలవాటు?"

"శుక్రవారం నుంచండీ."

"ఎలా అంటింది?"

విసూత్ తల వంచుకున్నాడు. "పనిలో ఒత్తిడి ఎక్కువండీ."