మూడు వేళ్ళ బేరం

సోమవారం పొద్దున యాకోబప్ప స్నానం, ప్రార్థన ముగించుకుని వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద ఉలవచారు ఘుమఘుమలాడుతోంది. భార్య మార్తమ్మ సంగటి ముద్దలు చేస్తోంది. కూతురు సుగుణ మాత్రం తన కంచం బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చుంది.

సుగుణ చిక్కబళ్ళాపురంలో మిషన్ బడి టీచరు. సెలవులకని చింతామణి వచ్చి నాలుగు రోజులైంది. వచ్చిన రోజు తండ్రి పక్కనే కూర్చుని రెండు ముద్దలు తిన్న పిల్ల, నిన్న చర్చిలో మీటింగు అయినప్పటినుంచి ఇంట్లో మెతుకు ముట్టలేదు.

"ఏమే, పాపకు ఒళ్ళు బాగలేదా?" అన్నాడు యాకోబప్ప, తెలియనట్టు.

"ఒళ్ళు బాగానే ఉండాది. నీ కూతురు కదా, మొండితనం ఎవురి సొమ్ము?" అంది మార్తమ్మ. "మీ ఇద్దురి మధ్యన నా సంగటి చల్లారిపోతాంది."

నిన్నటి మీటింగు సంగతి ఇదీ. సముద్రాల అవతలి దేశంనుంచి వచ్చిన దొరసాని ఒకామె మాట్లాడింది. అక్కడి చర్చివాళ్ళు పట్టుబట్టల అంగళ్ళ ముందు నిలబడి, పురుగులు పెంచిన రైతుకు ఇందులో ఎంత ముట్టిందో చెప్పండని అడుగుతున్నారట. పేద దేశాల సరుకుకు న్యాయమైన ధర రావాలని ఊరూరా తిరుగుతున్నారట. అది విని ఇక్కడివాళ్ళూ ఒక తీర్మానం చేశారు. పట్టుగూళ్ళ సంతలో ధర అందరికీ వినబడేలా నోటితోనే చెప్పాలి, తుండు చాటు బేరం మానాలి. ముందుగా సంఘపెద్ద యాకోబప్పే ఒప్పుకుంటాడని అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేశాడు.

ఎందుకంటే ఆ తుండే ఆయన బతుకు. పట్టుగూళ్ళు తెచ్చిన రైతు తుండు కింద కుడిచెయ్యి పెట్టి, సేరుకు ఎన్ని రూపాయలు కావాలో అన్ని వేళ్ళు దళారి అరచేతిలో ఆనిస్తాడు. పైకి మాట అనకూడదు. వేళ్ళు చదవడంలో యాకోబప్పను మించిన దళారి ఆ తాలూకాలో లేడు. ఆ మాట ఎవరూ అడగకపోయినా ఆయనే చెప్పేవాడు.

"ఆ దేశమోళ్ళు ఏమన్నా అడుక్కోనీ పాపా, మనకేల?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ. "ధరలు కట్టేది పెద్ద పెద్ద షావుకార్లు. నేనెంత, నా తుండెంత?"

"ఆడ చివరి బేరం వాళ్ళు అడుగుతాండారప్పా. మొదటి బేరం నీ చేతిలోనే కదా జరిగేది? ఈడ తగ్గింది ఇంక యాడా పెరగదు."

"రైతు అడిగిందే ఇప్పిస్తాండాను. ఒకరి నోరు కొట్టినానా?"

"బట్లహళ్ళి బయ్యప్ప ఎంత అడుగుతాడప్పా?"

యాకోబప్ప చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. బయ్యప్ప కుడిచేతి వేళ్ళు రెండు ఎన్నడో చెరకు గానుగలో పోయాయి. ఉన్నవి మూడే. బేరానికి ఎడమచెయ్యి పెట్టడం సంతలో తప్పు. గూళ్ళు ఎంత మేలైనవైనా బయ్యప్పకు మూడు రూపాయలే. అమ్మకుండా తిరిగి తీసుకుపోదామంటే పురుగు గూడు తొలుచుకుని బయటికొచ్చేస్తుంది, ఇక సరుకు దేనికీ పనికిరాదు.

సుగుణ లేచి జడ రిబ్బను విప్పింది. కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు అరచేతిలోకి మడిచి తల్లి చేత కట్టించుకుంది. తండ్రి భుజం మీది తుండు తీసి తన చేతిమీద కప్పుకుంది.

"నా గూళ్ళకు బేరం చెయ్యప్పా."

"ఇదేం ఆటే?" అంటూనే ఆయన చెయ్యి కడుక్కుని తుండు కిందికి పోనిచ్చాడు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి. మనసుకంటే ముందు వేళ్ళు లెక్క చూసుకున్నాయి. "మూడు" అనేశాడు.

"నేను అయిదు అడగాలనుకొన్నానప్పా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రిబ్బను కింద మడిచిన రెండు వేళ్ళూ తగులుతున్నాయి. ఒకట్లు, పదులు ఆ వేళ్ళ మీదే నేర్పించాడు పసితనంలో.

"తుండు తీసేస్తే గూళ్ళు కొనే సీనప్ప షావుకారు నన్ను పెట్టుకోడు పాపా. ఇల్లు గడిచేది ఎట్లా?"

"రెండు ఎనుములు ఉండాయి" అంది మార్తమ్మ వెనకనుంచి. "పాలు పోసుకొని బతుకుదాం. తెల్లార్తో లేసేది నేను, నీకేం బాధ?"

యాకోబప్ప తినకుండానే లేచాడు. తుండు కూతురి చేతిలోనే వదిలేశాడు.

సంతలో రద్దీగా ఉంది. చర్చివాళ్ళు అయిదారుగురు ఒక పక్కన నిలబడి ఉన్నారు. సుగుణా వచ్చి వాళ్ళతో నిలబడింది. బయ్యప్ప, భార్య మునివెంకటమ్మ గూళ్ళ గంప దించారు. అలవాటుగా బయ్యప్ప కుడిచెయ్యి చాచాడు.

"చెయ్యి వద్దు బయ్యప్పా. నోటితో చెప్పు" అన్నాడు యాకోబప్ప.

చుట్టూ ఉన్న బేరాలు ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో సంతలో ధర పలికిన నోరు కాదు బయ్యప్పది. భార్య వైపు చూశాడు.

"అయిదు!" అంది మునివెంకటమ్మ. తన గొంతు తనకే అంత పెద్దగా వినబడేసరికి గాబరాపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయిదు అంటాండాదప్పా" అన్నాడు యాకోబప్ప, సీనప్ప షావుకారు వైపు తిరిగి. "గూడు సూడు, దానికి తగ్గ సరుకే. కాదంటావా, నీ ధర నువ్వే అందురి ముందరా చెప్పు."

అందరి ముందూ మూడు అనడానికి షావుకారుకు నోరు రాలేదు. "నాలుగున్నర" అన్నాడు.

"అయిదు" అంది కొంగు చాటునుంచి మునివెంకటమ్మ. సంతంతా నవ్వింది. సీనప్ప అయిదుకే సరుకు తూకానికి ఎత్తించి, "రేపట్నించి నువ్వు నాకొద్దు యాకోబప్పా" అనేసి వెళ్ళిపోయాడు.

యాకోబప్ప బయ్యప్ప ముందు తల దించుకున్నాడు. "నీకు రెండు వేళ్ళు లేవని నాకు తెలుసు బయ్యప్పా. తెలిసే ఇన్నేండ్లూ మూడన్నాను."

"నీకు తెలుసని నాకూ తెలుసప్పా" అన్నాడు బయ్యప్ప మెల్లగా.

"మరి నా దగ్గిరికే యాల వస్తాంటివి?"

బయ్యప్ప తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "మిగిలినోళ్ళు ఈ చెయ్యి తాకేదానికి జంకుతారప్పా. కట్టె పుల్లతో పొడిసి చూసినట్లు ముట్టి ఇడిసిపెడతారు. నువ్వొక్కడివే మంచి చెయ్యి పట్టుకొన్నట్లు పట్టుకొంటావు."

యాకోబప్ప నిలబడ్డచోటే ఏడ్చేశాడు. తను అన్యాయం చేసిన ఆ చేతినే రెండు చేతులతో పట్టుకుని, పదిమంది చూస్తున్నారని కూడా లేకుండా కళ్ళకు అద్దుకున్నాడు. సుగుణ దగ్గరికి వచ్చి తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

"ఇంటికి పోదాం పదప్పా. నాకు ఆకలైతాంది."