తుపాను గంట మీద పేరు

ఆ ఏడాది దేశంలోని మ్యూజియంలన్నిటిలోనూ పేర్ల పలకలు ఊడబీకారు. కత్తుల ముందూ, వీణల ముందూ, మగ్గాల ముందూ జనం నిలబడి, అవి ఎవరివో తెలియక గార్డుల మొహాలు చూశారు. గార్డులకి మాత్రం ఏం తెలుసు? మిషను వస్తోందనీ, అది చెప్పాకే మళ్ళీ పేర్లు రాస్తారనీ పై నుంచి వచ్చిన కబురొక్కటే తెలుసు.

ఆ మిషను పేరు టచ్ రీడర్. జనం చేతుల మిషను అన్నారు. కనిపెట్టినవాడు డాక్టర్ మసిలామణి, నలభై రెండేళ్ళ మెతక మనిషి. సంగతి అర్థం కావడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మనం ఏ వస్తువుని పట్టుకున్నా మన చెమటా, నూనే, చర్మపు కణాలూ దానికి అంటుకుంటాయి. పట్టుకున్న ప్రతిసారీ ఒక పొర, గోడకి ఏటేటా వేసే సున్నం పూతల్లాగా. కంటికి కనపడవు గానీ ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. టచ్ రీడర్ సన్నటి లేజర్‌తో ఆ పొరల్ని ఒక్కొక్కటే చదివి, ఈ పొర ఫలానా మనిషిది అని తెర మీద చూపిస్తుంది. అన్నిటికంటే అడుగున ఉన్న చెయ్యి ఆ వస్తువుని చేసిన మనిషిది.

మొదట్లో జనం కడుపుబ్బా నవ్వుకున్నారు. పులుల్ని వేటాడాడని పేరుపడ్డ ఒక సంస్థానాధీశుడి తుపాకీ మీద ఆ దొరగారి వేలిముద్ర ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ నౌకరువే. ఒక మహా విద్వాంసుడి వీణ మీద ఆయన చేతుల కంటే ఆయన భార్య చేతులు నాలుగింతలున్నాయి. నవ్వేవాళ్ళు నవ్వుతుంటే వారసులు కోర్టుకెక్కారు. ఆ గోల పడలేక ప్రభుత్వం చట్టం చేసింది. ఇకమీదట పలక మీద మిషను చెప్పిన పేరే ఉండాలి. నోటి మాట చెల్లదు, కాగితం చెల్లదు. ఈ ఆఖరి వాక్యం స్వయంగా మసిలామణే రాసిచ్చాడు. నోరున్నవాళ్ళూ కాగితాలున్నవాళ్ళూ ఇన్నేళ్ళుగా ఎవరెవరి పేర్లు మింగేశారో ఆయన తన మిషను తెర మీద చూస్తూనే ఉన్నాడు. కాబట్టి అది న్యాయమైన వాక్యమనే అనుకున్నాడు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

జూలై నెలలో మిషను బందరు తీర మ్యూజియానికి వచ్చింది.

ఆ మ్యూజియంలో అందరూ చూడ్డానికొచ్చే వస్తువు ఒకటుంది, తుపాను గంట. ముప్పై నాలుగేళ్ళ క్రితం చేసింది. కరెంటు పోయినా, సెల్ టవర్లు కూలినా, తనంతట తనే మోగే ఇత్తడి గంట అది. లోపల గాలి తీసేసి మూసిన పల్చటి డబ్బా ఉంటుంది. తుపాను దగ్గరికొస్తే బయట గాలి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు డబ్బా మూత ఉబ్బి ఒక మీటని లేపుతుంది. మీట లేస్తే బరువు జారుతుంది, బరువు జారితే సుత్తి గంటని కొడుతుంది. అంతే. ఆ గంట మోగబట్టే ఒక తుపానులో గుల్లలపాలెం జనం మూడొందల మంది ఉప్పెన రాకముందే ఊరు దాటారు. పలక ఊడబీకక ముందు దాని మీద "నిర్మాణం: ఇంజనీరు వి. గోపాలస్వామి" అని ఉండేది.

ఆ పలకని రోజూ తుడిచిన మనిషి మాణిక్యమ్మ. మ్యూజియంలో స్వీపరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా గోపాలస్వామి పేరు తుడుస్తూ, అది తన భర్త లింగాచారి చేసిన గంట అని విన్నవాడికీ విననివాడికీ చెబుతూ వచ్చింది. లింగాచారి కంచరి వీధిలో ఇత్తడి పనివాడు. ఇంజనీరు వచ్చి, నమూనా పై వాళ్ళకి చూపిస్తానని పట్టుకెళ్ళి, బహుమతి పుచ్చుకుని తిరిగొచ్చాడు. లింగాచారి గొడవ పడలేదు. "మోగుతోంది కదే, ఇంకేం కావాలి" అన్నాడట. మూడేళ్ళకి గుండెపోటుతో పోయాడు. ఆయనకి అక్కర్లేకపోయిందేమో గానీ ఆవిడకి కావాలి. పిల్లలు లేరు, వెనకా ముందూ ఎవరూ లేరు. గంట ఉన్న చోట ఉండాలని చీపురు పట్టుకుని ఈ ఉద్యోగంలో చేరింది. మనిషి పేరు ఈ భూమ్మీద ఉండటానికి ఆవిడకి తెలిసిన చోటు ఆ పలక ఒక్కటే.

"మాణిక్యమ్మగారూ, ఆయన వాడిన వస్తువు ఏదైనా ఉందా? ముందు ఆయన చెయ్యి ఎలా ఉంటుందో మిషనుకి చూపించాలి," అన్నాడు మసిలామణి.

"తెచ్చానండి," అంటూ ఆవిడ చెంగులోంచి ఒక ఆకురాయి తీసింది. అరిగిపోయిన ఆకురాయి, నల్లబడిన కర్ర పిడి.

మిషను ఆ పిడిని పది నిమిషాలు చదివింది. తెర మీద ఒక రంగు గీత వచ్చింది, పక్కన ఇంకా, ఇంకా, వందల పొరలు, అన్నీ ఒకే చేతివి.

"ఇదుగోండి, మీ వారి చెయ్యి," అన్నాడు మసిలామణి. "ఇంత స్పష్టంగా నాకెక్కడా దొరకలేదు. చాలా పని చేసిన మనిషి."

మాణిక్యమ్మ తెర దగ్గరికొచ్చి ఆ గీతని చాలాసేపు చూసింది. "ఇంక అనుమానం లేదుగా బాబూ?" అంది. క్యూరేటర్ విశాలాక్షి ఆవిడ భుజం మీద చెయ్యేసింది. ఆమెకీ ఆ గంట కథ తెలుసు, నమ్మింది కూడా. నమ్మి ఏం లాభం, కాగితాలన్నీ గోపాలస్వామి పక్షాన ఉన్నాయి.

గంటని అద్దాల పెట్టెలోంచి తీసి మిషను కింద పెట్టారు. తెర మీద ఒక గీత వచ్చింది. ఆ ఒక్కటే. దాని కింద ఉత్త ఇత్తడి.

మసిలామణి ఇంకో చోట చదివించాడు. సుత్తి చదివించాడు, మీట చదివించాడు. మరలు విప్పి లోపలి భాగాలు చదివించాడు. సాయంత్రం నాలుగయింది. ప్రతి చోటా అదే గీత, అదే చెయ్యి. కాగితాల మీద చదివిన గోపాలస్వామి చెయ్యి కాదు. లింగాచారిదీ కాదు.

"దీన్ని ఎవరు శుభ్రం చేస్తారు?" అని అడిగాడు చివరికి.

"నేనేనండి." మాణిక్యమ్మ మొహం వెలిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు మరి. "ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. ఏటా దసరాకి ఆయుధ పూజ చేసుకుంటాం కదండీ, ఆ పొద్దున్నే పెట్టెలోంచి తీసి, మరలన్నీ విప్పి, చింతపండు పెట్టి తోముతాను. పైపైన కాదండి, లోపల డబ్బా మూత దాకా. విప్పడం, బిగించడం ఆయనే నేర్పారు. తోమి, కడిగి, ఆరబెట్టి, పసుపూ కుంకుమా పెడతాను. ఇరవై తొమ్మిది దసరాల్లో ఒక్కటి కూడా మానలేదు. చూడండి ఎలా ఉందో, నిన్న చేసినట్టు లేదూ?"

విశాలాక్షికి ముందే అర్థమై కిటికీ వైపు తిరిగింది. పండగనాడు తళతళా మెరిసే ఆ గంట ముందు ఏటా కొబ్బరికాయ కొట్టింది తనే.

మసిలామణికి చెప్పక తప్పలేదు. చింతపండులో పులుపు ఇత్తడికి పట్టిన మకిలిని తినేస్తుందనీ, మకిలితో పాటు చేతి పొరలు కూడా పోతాయనీ, అందుకే ఆకురాయి పిడి మీద మిగిలిన చెయ్యి గంట మీద మిగల్లేదనీ, కర్రని ఎవరూ చింతపండుతో తోమరు కనక అది బతికిందనీ, మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పాడు.

మాణిక్యమ్మ అంతా వింది. "ఒక్క చోటయినా లేదా బాబూ? మూత లోపలి అంచు చూశారా? ఆ అంచు కుదరక వేలితో తడుముతూ ఉండేవారు."

"చూశానమ్మా."

"మీట కింద?"

"అక్కడా చూశాను."

"అవున్లెండి," అంది ఆవిడ. "ఆయన చెయ్యి ఎక్కడెక్కడ పడిందో నాకు తెలుసు కాబట్టి అక్కడే ఎక్కువ తోమాను." చెప్పి నేల మీద కూర్చుండిపోయింది. ఆవిడ ఏడవలేదు. మసిలామణికి మాత్రం ఏడుపొచ్చింది, మిషను సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. చట్టం ప్రకారం అడుగున దొరికిన చెయ్యి ఎవరిదో వాళ్ళే చేసినవాళ్ళు. దొరికిన చెయ్యి మాణిక్యమ్మది. ఆ పొర వయసు తొమ్మిది నెలలనీ, గంట వయసు ముప్పై నాలుగేళ్ళనీ, ఇది చంటిపిల్లకి కూడా తెలిసే తప్పనీ మసిలామణి పేర్లు ఖాయం చేసే ప్రభుత్వ కమిటీకి ఉత్తరం రాశాడు. వాళ్ళు జవాబిచ్చారు. కాలం లెక్కల్లో పొరపాట్లు రావచ్చు, చేతిలో రావు. లింగాచారి గురించి మీరు చెబుతున్నది నోటి మాట, నోటి మాట చెల్లదు. ఆయన రాసిన వాక్యాన్నే ఆయనకి తిప్పి పంపారు. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. సదరు మాణిక్యమ్మ ఈ గౌరవాన్ని వద్దంటే పాత పలకనే తిరిగి పెట్టాలి. ఒప్పుకున్న తర్వాత ఎప్పుడైనా, ఎవరి ముందైనా, అది తన పని కాదని ఆమె చెబితే అప్పుడూ అంతే.

"అంటే మళ్ళీ ఆ గోపాలస్వామేనా?" అంది మాణిక్యమ్మ.

"అవునమ్మా," అంది విశాలాక్షి. "నీ పేరైనా ఉండాలి, గోపాలస్వామి పేరైనా ఉండాలి. మీ ఆయన పేరు మాత్రం వాళ్ళు రాయనివ్వరు."

"నేను చేశానని చెప్పుకోవాలా? ఆయన పని నాదని?"

విశాలాక్షి ఒప్పుకోలు కాగితం మడిచి సొరుగులో పెట్టింది.

వారం రోజులు ఆవిడ పనిలోకి రాలేదు. ఎనిమిదో రోజు వచ్చి, కాగితం ఇమ్మంది. "ఇంటిపేరైనా ఆయనదేగా," అంటూ సంతకం పెట్టింది. ఆ మాట ఎవరి ఊరటకోసం అందో తెలియదు, ఆవిడ మొహంలో ఊరట ఏమీ లేదు.

కొత్త పలక వచ్చింది. "నిర్మాణం: శ్రీమతి కంచర్ల మాణిక్యమ్మ." పేపర్లలో ఫొటోలు వేశారు. చీపురు పట్టిన చేతులతో శాస్త్రాన్ని సృష్టించిన మహిళ అని హెడ్డింగు. చీపురు తీసేసి, గంట పక్కన కుర్చీ వేసి, వచ్చినవాళ్ళకి వివరించే ఉద్యోగం ఇచ్చారు. వద్దంటే అనుమానం వస్తుందని దానికీ ఒప్పుకుంది.

నవంబరులో మసిలామణి మళ్ళీ బందరు వచ్చాడు. మ్యూజియంలోకి వెళ్ళేసరికి గంట చుట్టూ స్కూలు పిల్లలున్నారు. వెనక నిలబడ్డాడు. ముందు వరసలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నోట్‌బుక్కు పట్టుకుని ప్రశ్నలు అడుగుతోంది.

"దీన్ని చెయ్యడానికి ఎన్ని రోజులు పట్టిందండీ?"

"పదకొండు నెలలు పట్టిందమ్మా," అంది మాణిక్యమ్మ. "మూత మందం కుదరలేదు. ఆరు మూతలు పాడుచేశాను. ఏడోది చేసేటప్పుడు మూడు రోజులు అన్నం సయించలేదు. వేలితో తడిమితే తెలిసిపోతుంది, ఇది కదులుతుందా కదలదా అని. తెలిసినప్పుడు నవ్వొచ్చింది, గట్టిగా, ఒక్కదాన్నే."

ఆవిడ చెబుతున్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్కే ఉంది. ఆ ముక్క 'నేను' అన్నది. అమ్మాయి గబగబా రాసుకుంది.

"మీకెవరైనా సాయం చేశారా? మీ ఆయన చేశారా?"

మాణిక్యమ్మ తలెత్తింది. వెనక ఉన్న మసిలామణిని చూసింది. ఆయన తల దించుకున్నాడు. పిల్లలందరూ జవాబు కోసం చూస్తున్నారు, పక్కనే వాళ్ళ టీచరు ఫోనులో రికార్డు చేస్తోంది.

"లేదమ్మా," అంది మాణిక్యమ్మ. "మా ఆయనకి ఈ పని తెలీదు."

ఆ అమ్మాయి అది కూడా నోట్‌బుక్కులో రాసుకుంది.