నేరేడుకు నలభై రోజులు

చెట్టుకు నీళ్లు పోస్తున్న అమ్మాయి చేతిలోంచి పైపు లాక్కోవడం మర్యాద కాదు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా లాక్కున్నాను.

"హలో! ఎవరండీ మీరు?"

"అనుదీప్. హార్టికల్చర్ చదివిన మేడం. దోమలగూడ తోటల ఆఫీసు నుంచి మా ఆఫీసర్ రమాకాంత్ సార్ పంపిండు."

"చెట్టును బతికించడానికి పిలిస్తే నీళ్లు ఆపేస్తారేంటి?"

"ఈ నీళ్లే దాన్ని చంపుతున్నయ్."

ఆమె కళ్లు పెద్దవి. అప్పుడు ఇంకా పెద్దవయ్యాయి.

అశోక్ నగర్‌లో మూడంతస్తుల అపార్ట్‌మెంట్ అది. ఎనిమిది ఫ్లాట్లు. ముందు అరవై ఏళ్ల నేరేడు చెట్టు. కట్టినవాళ్లు చెట్టును కొట్టకుండా దయ చూపించారు, కానీ మొదలు చుట్టూ మెడ పట్టుకున్నట్టు సిమెంటు పోశారు. పైన సగం కొమ్మలు ఎండిపోయాయి. మార్చి నెలకే హైదరాబాద్ గాలిలో తడి లేదు.

నేను కూర్చుని సిమెంటుకూ మొదలుకూ మధ్య సందులో మట్టి గీకాను. బెరడు మెత్తగా ఊడి వచ్చింది. కుళ్లిన వాసన.

"చూడండి. చెట్టు ఇక్కడ తాగదు మేడం. కొమ్మల నీడ ఎక్కడ ఆగుతదో, దాని నోరు అక్కడుంటది. మీరేమో రోజూ మెడ మీద పోస్తున్నరు."

"రెండు ఎండాకాలాలు... కాలేజీకి వెళ్లే ముందు రోజూ..." ఆమె ఊడిన బెరడును చూసింది. "అంటే నేనే దీన్ని..."

ఇంకొకరైతే ఓదార్పుగా ఏదో ఒకటి అనేవారు. నాకు అలాంటివి రావు.

"అవును," అన్నాను.

ఆమె విసురుగా లోపలికి వెళ్లిపోయింది. పేరు మహిత అని, నారాయణగూడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుందని వాచ్‌మన్ చెప్పాడు. "కోపమొస్తే మూడు రోజులుంటదన్నా," అని కూడా చెప్పాడు.

సాయంత్రానికి పెద్దలు చెట్టు కింద చేరారు. మొదటి అంతస్తు జగదీశ్వర్ గారి తెల్ల కారు మీద పోయిన నెల ఒక కొమ్మ విరిగిపడింది. అప్పటినుంచి ఆయనది ఒకటే మాట.

"కొట్టేయున్రి. ఇయ్యాల కారు మీద పడ్డది, రేపు మనిషి మీద పడితే? నువ్వు రిపోర్టు రాయి తమ్మీ, పర్మిషన్ నేను తెచ్చుకుంట."

అసోసియేషన్ సెక్రటరీ సూర్యనారాయణమూర్తి గారు మహిత తండ్రి. కళ్లద్దాలు తుడుచుకుంటూ నన్ను చూశారు.

"బాబూ, ఉన్నది ఉన్నట్టు రాయి. మా అమ్మాయి బాధపడుతుందని అబద్ధం మాత్రం రాయకు."

వాళ్ల వెనక మహిత నిలబడి ఉంది. నన్ను కాదు, చెట్టును చూస్తోంది.

"నలభై రోజులియ్యండి సార్," అన్నాను. "చిగురేస్తే ఉంచుదాం. వెయ్యకుంటే కొట్టెయ్యొచ్చని నేనే సంతకం పెడత."

సిమెంటు పగలగొట్టాం. మొదలుకు గాలి తగిలేలా మట్టి తీశాం. పార్కింగ్‌లో నీడ అంచు వెంట టైల్స్ లేపి, గడ్డపారతో గుంటలు తీసి, ఎరువు నింపి, పైన ఎండుటాకులు పరిచాం. జగదీశ్వర్ గారి కారు వీధిలోకి వెళ్లింది. ఆయన కోపం మాత్రం బాల్కనీలోనే ఉండిపోయింది.

"తాగనీకి ట్యాంకర్ తెప్పిచ్చుకుంటున్నం, చెట్టుకేడికెల్లి తెస్తవయ్యా నీళ్లు?"

ప్రశ్న న్యాయమైనదే. జవాబు మహిత దగ్గర దొరికింది. మూడు రోజుల కోపం నాలుగో రోజు దిగింది కాబోలు, చేతిలో బకెట్‌తో వచ్చింది.

"ఆర్వో మెషీన్ వదిలే నీళ్లు పనికొస్తాయా?"

"వద్దు మేడం, ఉప్పెక్కువ ఉంటది. బియ్యం కడిగిన నీళ్లు మంచిగుంటయ్. ఏసీ నీళ్లు ఇంకా మంచివి."

"ఏసీ నీళ్లా? అయితే మన చెట్టుకు దాత దొరికినట్టే." ఆమె మొదటి అంతస్తు వైపు చూసి నవ్వింది.

జగదీశ్వర్ గారింట్లో పగలంతా ఏసీ నడుస్తుంది. రోజుకు రెండు బకెట్లు. మిగిలిన ఏడు ఫ్లాట్లూ కలిపినా అంత రాలేదు. వారం తిరిగేసరికి ఆయనే బకెట్ మోసుకొచ్చి నన్ను పిలవసాగారు.

"ఏమయ్యా డాక్టర్, ఏ గుంటల పొయ్యాలె?"

"అంకుల్, మీరు చెట్టు కొట్టెయ్యమన్నారు కదా?" అని మహిత ఏడిపించేది.

"ఇప్పుడు గూడ అంటున్న! నీళ్లు ఊకె పోతున్నయని పోస్తున్న, అంతే."

ఇరవయ్యో రోజు నేను తప్పు చేశాను.

మహిత కిటికీ ముందుకు వంగిన కొమ్మ ఒకటి ఉంది. దానికి పచ్చని ఆకులున్నాయి. కానీ లోపల డొల్ల. ఆమె కాలేజీకి వెళ్లినప్పుడు కోసేశాను. సాయంత్రం గేటు దగ్గర ఆటో దిగి, నేలమీద పడి ఉన్న ఆకులను చూసింది. నా పక్కనుంచి వెళ్లిపోయింది.

ఆరు రోజులు మాటల్లేవు. వాచ్‌మన్ కూడా "ఇది కొత్త రికార్డన్నా" అన్నాడు. అయినా ఆమె రోజూ పొద్దున నీళ్లు పోస్తూనే ఉంది. సరిగ్గా నీడ అంచు వెంట, నేను చూపించినట్టే. ఆ తడి గీతను చూసుకుని నేను పనిలోకి దిగేవాణ్ణి.

ఏడో రోజు ఆ కొమ్మ ముక్కను వాళ్ల గుమ్మం ముందు పెట్టాను. పిడికిలి దూరేంత తొర్ర ఉంది దానిలో. ఆమె చెయ్యి పెట్టి చూసింది.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే మీరు వద్దంటరు."

"అంటాను. అయితే?"

"మీరు వద్దంటే నేను కొయ్యలేను."

ఆమె చెయ్యి ఆ తొర్రలోనే ఆగిపోయింది. నా చెవులు కాలిపోయాయి. గబగబా మెట్లు దిగేశాను. ఆ తర్వాత ఇద్దరం ఎదురుపడకుండా తప్పుకు తిరిగాం.

నలభయ్యో రోజు ఆదివారం. చెట్టు కింద కుర్చీలు వేశారు. అందరూ తలలెత్తి చూశారు. బూడిద రంగు కొమ్మలు, పాత ఆకులు. ఎక్కడా కొత్తది లేదు. మహిత ముఖం చూడలేకపోయాను. జేబులో రిపోర్టు కాగితం ఉంది, ఇంకా ఖాళీగా.

"ఒక్కసారి పైకెక్కి చూస్త సార్," అన్నాను.

మా నాయిన తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. నా దగ్గర ఆయనిచ్చిన మోకుతాడు ఉంది. మాను చుట్టూ వేసి నడుముకు కట్టుకుంటే పాదాలకు భయం ఉండదు. ఎక్కాను. కింది నుంచి కనపడని చోట, తూర్పున, ఆకాశం వైపు తిరిగిన కొమ్మల చివర్లలో కొత్త రాగి రంగు. ఒకటి కాదు, రెండు కాదు. కొమ్మకొమ్మకూ ఉంది.

"చిగురేసింది!" అని అరిచాను.

"ఎట్ల నమ్మాలె?" కింది నుంచి జగదీశ్వర్ గారు. "నీ చెట్టుకు నువ్వే సాక్ష్యమా?"

"నేనెక్కి చూస్తాను," అంది మహిత.

వాళ్ల నాన్న వద్దనేలోపే చున్నీ నడుముకు బిగించింది. మొదటి పంగ దాకా నిచ్చెన వేశారు. నేను పంగ దాకా దిగి, నా హెల్మెట్ పెట్టి, బెల్టు కట్టి, తాడు పట్టి ఆమెను చిగురేసిన కొమ్మ దాకా తెచ్చాను. ఆమె ఒక చిగురును వేలితో తాకింది. దాని నునుపుకు కాబోలు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని తెలిసిపోయింది.

"మేడం, ఒక మాట. మీరంటే నాకిష్టం. మా నాయిన కల్లు గీస్తడు. మా ఇంట్ల డిగ్రీ నాదే మొదటిది. జీతం తక్కువనే. దాచేదేం లేదు."

"చెట్టెక్కించి చెప్తున్నావా? కింద చెప్పలేవూ?"

"కింద ధైర్యం చాలదు. మా ఇంటోళ్లకు ధైర్యమంతా పైనే ఉంటది."

ఆమె పకపకా నవ్వింది. కొమ్మ ఊగింది. నా ముంజేయి గట్టిగా పట్టుకుంది, ఊగడం ఆగాక కూడా.

"ఆ కొమ్మ ముక్క నా టేబుల్ మీదే ఉంది. అదేమైందో, ఎందుకు దాచుకున్నానో ఇన్ని రోజులూ అడగవేం?"

"మీరు మాట్లాడితే గదా!"

"ఇకనుంచి మాట్లాడతాను. రోజూ. విసుగొచ్చేదాకా. మేడం అనడం మానేస్తే."

"అమ్మాయ్!" కింది నుంచి మూర్తి గారి గొంతు. "చిగుళ్లున్నాయా, లేవా?"

"ఉన్నాయి నాన్నా! చెట్టంతా ఉన్నాయి!"

కింద చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది జగదీశ్వర్ గారే.

"మా ఏసీ నీళ్లు!" అని పక్క ఫ్లాట్ ఆయన భుజం చరిచారు. "మినిట్స్ బుక్కుల రాయున్రి మూర్తిగారూ. చెట్టు ఉంటది. రెండో తీర్మానం గూడ రాస్తరా? పైన ముచ్చట్లన్నీ మాకు మంచిగనే ఇనబడ్డయ్."

మహిత నా భుజం వెనక ముఖం దాచుకుంది. నేను కొమ్మను గట్టిగా పట్టుకున్నాను.

మూర్తి గారు తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"రెండోది అసోసియేషన్ విషయం కాదండీ, మా ఇంటి విషయం," అన్నారు. తర్వాత తలెత్తి, "బాబూ, మీ నాన్నగారు ఏ వేళకు తీరుబడిగా ఉంటారు?"

"పొద్దుగాల, సాయంత్రం చెట్టెక్కుతడు సార్. మధ్యాహ్నం ఇంట్లనే ఉంటడు."

"అయితే ఆయన పని చెడగొట్టడం ఎందుకు? మధ్యాహ్నానికే వస్తామని చెప్పు."

జేబులోంచి కాగితం తీశాను. చెట్టు చిగురేసింది, కొట్టనవసరం లేదు అని మహిత వీపు మీద కాగితం పెట్టి రాసి, సంతకం చేసి కిందికి వదిలాను. అది గిరికీలు కొడుతూ మూర్తి గారి ఒడిలో వాలింది.

"దిగుదామా మహితా?"

"ఆగు," అంది. "ఇంకో రెండు నిమిషాలు."